దురాయి కాగితం

జువ్వలదిన్నె,
12 ఆగస్టు 1964

చెంగయ్యకు,

మీ బావ కామాక్షయ్య రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అక్క మాలకొండమ్మకు మోకాలి నొప్పి తప్ప వేరే బాధ లేదు. ఆ నొప్పి కూడా నేనేదైనా పని చెప్పినప్పుడే వస్తుంది. ఈ మాట రాయొద్దని పక్కనే కూర్చుని చెబుతోంది. ఆమెకు చదువు రాదు గనక రాసేశాను.

నీకు మద్రాసులో గుమస్తా ఉద్యోగం వచ్చిందని ఊరంతా సంతోషించింది. పెద్ద కంపెనీలు ఒక వ్యాపారాన్నంతా గుప్పిట్లో పెట్టుకుని చిన్నవాళ్లను తొక్కుతుంటే విచారించే ఆఫీసు అని రాశావు. అలాంటి ఆఫీసు ఒకటి ఉంటుందని మేం అనుకోలేదు. ఉంది గనక మా సంగతి చెబుతాను. నువ్వు ఊరు వదిలి ఆరేళ్లయింది, నీకు కొంత తెలియదు.

ఇప్పుడు మన రొయ్యకు విలువ వచ్చింది. అది ఓడెక్కి ఎక్కడికో పోతోందట. అయితే ఒడ్డుకు వచ్చిన రొయ్య త్వరగా ఐసులో పడాలి. పడకపోతే తల నల్లబడుతుంది, ఇక దాన్ని ఎవరూ తాకరు. రెండేళ్ల కిందటి దాకా ఐసు రెండు చోట్ల దొరికేది, నెల్లూరులో ఒకటి, కావలిలో పెంచలయ్యది ఒకటి. రొయ్యలు కొనే ఎగుమతి కంపెనీ నెల్లూరు ఫ్యాక్టరీని కొనేసింది. పెంచలయ్యదాన్ని కౌలుకు తీసుకుని తాళం వేసింది. నడపడానికి కాదయ్యా, మూసిపెట్టడానికి కౌలు! ఇలాంటి కౌలు నేను ఎక్కడా వినలేదు.

ఇక ఐసంతా కంపెనీదే. ఏజెంటు హజరత్తయ్య లారీ మీద తెస్తాడు. రొయ్యలన్నీ కంపెనీకే పోసేవాడికి ఐసు. ఒక్క బుట్ట బయటి బేరగాడికి అమ్మినా మర్నాడు వాడికి ఐసు లేదు. ధర వాళ్లు చెప్పిందే. కిలో రూపాయి పావలా.

నేను మత్స్యకారుల సహకార సంఘానికి కార్యదర్శిని అయ్యాను. ఎనిమిదో తరగతి పాసయిన పాపం అది. సంఘానికి సొంత ఐసు ఫ్యాక్టరీ కావాలని అర్జీ పెట్టి ఏడాదయింది. అది వచ్చిందాకా కంపెనీ మెడ మీద కూర్చోకుండా మీ ఆఫీసు ఏమైనా చెయ్యగలదా? తిరుగుటపాలో తెలియజెయ్యి.

నీ బావ,
కామాక్షయ్య

మద్రాసు,
21 ఆగస్టు 1964

బావా,

నీ ఉత్తరం అందింది. అక్కకు నీ ఉత్తరంలోని మొదటి పేరా చదివి వినిపించడానికి ఎవరైనా దొరుకుతారులే, తొందరపడకు.

నువ్వు రాసింది సరిగ్గా మా ఆఫీసు పనే. ఒక సరుకు ఇవ్వడానికి ఇంకో సరుకుతో ముడిపెట్టడం, పోటీవాడి ఫ్యాక్టరీని కొని మూసెయ్యడం, ఇవన్నీ మాకిచ్చిన పుస్తకంలో వరసగా ఉన్నాయి. పుస్తకం చదివినప్పుడు ఇవన్నీ బొంబాయిలో జరుగుతాయి కాబోలు అనుకున్నాను. జువ్వలదిన్నెలో జరుగుతున్నాయని తెలిసి ఆశ్చర్యపోయాను.

సంఘం పేరు మీద అర్జీ రాయి. తెలుగులోనే రాయి, ఇంగ్లీషులోకి నేను మారుస్తాను. ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఇక్కడ నోటి మాట చెల్లదు, కాగితమే చెల్లుతుంది. మీ దగ్గరున్నది ఏదీ దాచకుండా, వదలకుండా రాసి పంపు. ఊరంతా ఒక మాట మీద ఉందని తెలిసేలా ఉండాలి. మా ఆఫీసరు గారు మంచివారు, చాలా చదువుకున్నవారు. తప్పకుండా న్యాయం జరుగుతుంది.

చెంగయ్య

జువ్వలదిన్నె,
3 అక్టోబరు 1964

చెంగయ్యకు,

అర్జీ నిన్న రిజిస్టరు చేసి పంపాను. పదకొండు పేజీలు. ఇంత పెద్దది నేను జన్మలో రాయలేదు. ఇంకో తీపి కబురు. సంఘానికి ఐసు ఫ్యాక్టరీ మంజూరైంది. బడి పక్కన స్థలం చూశారు, పునాది గుంటలకు ముగ్గు కూడా వేశారు. మీ అక్క రోజూ పోయి ఆ ముగ్గు చూసి వస్తోంది, మోకాలి నొప్పి ఏమైందో తెలీదు.

ఊరంతా ఒక మాట మీద ఉన్నట్టు చూపించమన్నావు. అందుకు గట్టి కాగితమే పెట్టాను. పోయిన నెల మనవాళ్లు దురాయి వేశారు. దాన్ని ఎత్తేదాకా కిలో రెండు రూపాయలకు తక్కువైతే కంపెనీకి ఎవరూ పొయ్యకూడదని. పదిరోజులు రొయ్యలన్నీ ఇసకలో ఎండబెట్టుకున్నాం. పదకొండో రోజున హజరత్తయ్య తనే వచ్చి రెండు రూపాయలకు ఒప్పుకున్నాడు. ఓడ బయల్దేరే రోజు దగ్గరపడి కంపెనీకి తొందరయిందట. ఐసు షరతు మాత్రం వదల్లేదు.

నీకు తెలుసుగదా, దురాయి అంటే మనకు నోటి మాటే. ఊరి పెద్దగా పెదకాపు పోలేరమ్మ గుడి ముందు నిలబడి చెబుతాడు, డప్పు మూడు వీధులూ తిరిగి ఒడ్డు దగ్గర ఆగుతుంది, అంతే. వేసినా అంతే, ఎత్తినా అంతే. ఈసారి నేను దాన్ని తెల్లకాగితం మీద రాయించి అర్జీకి జత చేద్దామన్నాను. పెదకాపు ఓబయ్య మామ అడ్డం తిరిగాడు.

"ఏంది కామాక్షయ్యా, దురాయిని కాగితం మీద పెడతావా? మా నాయన పెట్టలా, మా తాత పెట్టలా."

"కాగితం ఉంటేనే గవర్నమెంటు నమ్ముద్ది మామా. మన చెంగయ్య రాసినాడు."

"ఊరు నమ్ముతుండాది గదా, చాలదా?"

"ఊరు నమ్మితే ఐసు రాదు మామా."

చివరికి నీ పేరు చెప్పి ఒప్పించాను. నూట నలభై మూడు వేలిముద్రలు పడ్డాయి. పేరమ్మవ్వకు చేపలు కోసి కోసి వేలి మీద గీతలే లేవు. మూడుసార్లు వేయించినా నల్లటి మచ్చే పడింది. "నా వేలు గవర్నమెంటుకు పనికిరాదు లేరా" అని నవ్వింది. ధర రెండు రూపాయలని, తప్పినవాడికి ఊరు నిప్పూ నీళ్లూ ఇవ్వదని, అన్నీ వివరంగా రాశాను. మేమెంత కట్టుగా ఉన్నామో మీ ఆఫీసరుకు తెలియాలి.

నీ బావ,
కామాక్షయ్య

మద్రాసు,
2 డిసెంబరు 1964

బావా,

అర్జీ అందింది. ఇంగ్లీషులోకి మార్చి పైకి పంపాను. ఆఫీసరు గారు చదివి, ఇంత స్పష్టంగా రాసిన అర్జీ ఇంతవరకు రాలేదన్నారు. ముఖ్యంగా జత చేసిన కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. దురాయి అంటే ఏమిటని చాలాసేపు అడిగారు. నాకు తెలిసినంత చెప్పాను.

కొత్త సంవత్సరంలో ఆయన స్వయంగా మన ఊరు వస్తారు. నాకు ఉద్యోగం ఖాయమయ్యే కాగితం కూడా ఆయన బల్ల మీదే ఉంది. చలికాలం కదా, అక్కను జాగ్రత్తగా ఉండమను.

పని ఎక్కువగా ఉండి ఇంతకు మించి రాయలేకపోతున్నాను.

చెంగయ్య

జువ్వలదిన్నె,
9 ఫిబ్రవరి 1965

చెంగయ్యకు,

మీ ఆఫీసరు వచ్చి వెళ్లారు. నువ్వు వెంట వస్తావని మీ అక్క చందువ చేపలు తెప్పించింది. నువ్వు రాలేదు. చందువలు నేను తిన్నాను.

బిట్రగుంట నుంచి మన ఊరికి ఇసక దారి గదా, ఆయన కారు దిగబడుతుందని కంపెనీవాళ్లు జీపు పంపారు. ఆయన దానిలోనే వచ్చారు. భోజనం కూడా కంపెనీ షెడ్డులోనే. చేపలు మనవే, వండింది వాళ్లు. నేను తప్పు పట్టడం లేదు, ఎవరి జీపు అయితే ఏం, ఆయన రావడం ముఖ్యం అనుకున్నాను.

సంఘం ఆఫీసులో కూర్చుని నన్ను గంటన్నర అడిగారు. అంతా దురాయి గురించే. ధర ఎవరు నిర్ణయించారు, ఎప్పుడు, ఎంతమంది. నేను ఛాతీ విరుచుకుని చెప్పాను. "ఒప్పుకోనివాళ్లు ఎంతమంది?" అన్నారు. "ఒక్కరూ లేరు సార్" అన్నాను. "ఉంటే?" అన్నారు. "నిప్పూ నీళ్లూ ఇయ్యం సార్" అన్నాను. ఆయన అది రాసుకుని కింద గీత గీశారు. ఓబయ్య మామ గుమ్మం దగ్గర నిలబడి నా వైపే చూస్తున్నాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఐసు సంగతి పది నిమిషాలు. హజరత్తయ్యను పిలిచి అడిగితే ఏమన్నాడో విను. "షరతా? ఏం షరతు సార్? ఐసు ఉంటే ఇస్తాం, లేకుంటే లేదు. షరతు ఉండాదంటే కాగితం చూపించమనండి." కాగితం ఎక్కడ ఉంటుంది? వాడు ఏనాడూ రాసివ్వలేదు. లారీ మీద నుంచి తల అడ్డంగా ఊపుతాడు, అంతే. తల ఊపినదానికి రసీదు ఎవరిస్తారు?

కావలి నుంచి పెంచలయ్యను తీసుకొచ్చాను. నా ముందు ఏడ్చినవాడు ఆఫీసరు ముందు, "నా ఇష్టపూర్తిగానే కౌలుకు ఇచ్చినాను సార్" అన్నాడు. బయటికొచ్చి నా మొహం చూడలేక సైకిలెక్కి వెళ్లిపోయాడు.

నాకు ఎందుకో మనసు కుదుటగా లేదు. అక్కడ ఏం జరుగుతోందో దాచకుండా రాయి.

కామాక్షయ్య

మద్రాసు,
18 జూన్ 1965

బావా,

నీ రెండు ఉత్తరాలూ, ఆ తరవాతి కార్డూ అందాయి. ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఏప్రిల్లో నా ఉద్యోగం ఖాయమైంది.

ఇక్కడ ఏం జరుగుతోందని అడిగావు. జరిగేది జరుగుతోంది. మా గదిలో పెద్ద కంపెనీల మీద ముప్పయ్యారు ఫైళ్లున్నాయి. ఒకే పని చేసిన రెండు అగ్గిపెట్టెల కంపెనీల సంగతి చెబుతాను. రెండూ దుకాణాలవాళ్లను, మా అగ్గిపెట్టెలే అమ్మాలి, వేరేవి పెడితే సరుకు ఆపేస్తాం అని బెదిరించాయి. ఒకదాని మీద నాలుగు నెలల్లో తీర్పు వచ్చి, దినపత్రికలో కూడా పడింది. రెండోదాని ఫైలు మీద 'మరికొంత సమాచారం కావలెను' అని మూడోసారి రాశాం. మొదటి కంపెనీ యజమాని చిన్నవాడేమీ కాదు. రెండో ఆయన ఇంకొంచెం పెద్దవాడు. తేడా ఎందుకో నాకు తెలియదు. తెలిసినా రాయను.

మన రొయ్యల కంపెనీ ఫైలు మీద కూడా 'మరికొంత సమాచారం కావలెను' అనే ఉంది. రొయ్యలు విదేశీ డబ్బు తెస్తాయి, దేశానికి ఇప్పుడు ఆ డబ్బు చాలా అవసరం అని పైవాళ్లు ఒక కాగితం జత చేశారు.

సంఘం గురించి విడిగా ఇంకో ఫైలు తెరిచారు. దాని గురించి ఇప్పుడేమీ చెప్పలేను.

చెంగయ్య

జువ్వలదిన్నె,
6 సెప్టెంబరు 1965

చెంగయ్యకు,

సంఘానికి నోటీసు వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే కావలి తీసుకుపోయి ప్లీడరు గారి చేత చదివించాను. ఆయన చదివి రెండోసారి మళ్లీ చదివి, "మీరు కంపెనీ మీద ఫిర్యాదు చేశారా, మీ మీద మీరే ఫిర్యాదు చేసుకున్నారా?" అన్నాడు.

జువ్వలదిన్నె మత్స్యకారులు కుమ్మక్కై ధర కట్టి, ఇతరుల వ్యాపారాన్ని నిర్బంధించారట. ఒప్పుకోనివాళ్లను వెలివేస్తామని బెదిరించారట. అందుచేత సంఘం రిజిస్ట్రేషను ఆపేశారు. రిజిస్ట్రేషను లేదు గనక సంఘానికి ప్రభుత్వం ఇచ్చే నైలాన్ నూలు ఆగింది, ఐసు ఫ్యాక్టరీ మంజూరు కూడా ఆగింది. దురాయిని ఎత్తేసినట్టు, ఇకపైన వెయ్యమని, అందరి వేలిముద్రలతో కాగితం రాసిస్తే అప్పుడు ఆలోచిస్తారట.

నైలాన్ నూలు లేకపోతే వలలు లేవు. వలలు లేకపోతే మేం ఏం కావాలో నీకు చెప్పనక్కర్లేదు. కంపెనీ మీద ఏమైందని ప్లీడరును అడిగాను. దాని సంగతి ఇందులో లేదన్నాడు.

నోటీసు వెనక సాక్ష్యాల జాబితా ఒకటి కుట్టారు. మొదటి సాక్ష్యం మా కాగితమే, పేరమ్మవ్వ నల్లమచ్చతో సహా. టైపు కొట్టిన ఇంగ్లీషు మధ్యలో ఒక్క మాట చేత్తో తెలుగులో రాసి ఉంది. 'దురాయి'. ఆ అక్షరాలు ఎవరివో నాకు తెలుసు. నీ పలక మీద మొదటి అక్షరాలు దిద్దించింది నేనే.

ఓబయ్య మామ నోటీసును తిరగేసి చూసి, మడిచి నా జేబులో పెట్టాడు. తిట్టినా బాగుండేది. పునాది ముగ్గు వానకు కొట్టుకుపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు మేకలు కడుతున్నారు.

నువ్వు ఏం రాస్తావో చూస్తాను.

కామాక్షయ్య

మద్రాసు,
14 సెప్టెంబరు 1965

బావా,

జాబితా నేనే రాశాను. ఈ మాట ముందే చెప్పాలి, చెప్పలేదు.

ఆఫీసరు గారు నన్ను పిలిచి, అర్జీలో కాగితం ఉన్నవి ఒక పక్క, కాగితం లేనివి ఒక పక్క రాయమన్నారు. ఐసు షరతుకు కాగితం లేదు. పెంచలయ్య కౌలుకు ఉంది, కానీ ఇష్టపూర్తిగా అని సంతకం ఉంది. పూర్తిగా కాగితం ఉన్నది ఒక్కటే, మీ దురాయి. దాన్ని మొదటి పక్కన ఒకటో నంబరుగా రాశాను. రాస్తున్నప్పుడే నాకు అర్థమైంది, ఇది ఎటు పోతుందో. అది నవంబరు నెల. ఆ రోజే నీకు రాసి ఉంటే, ఆ కాగితం వెనక్కి తీసుకుంటున్నామని నువ్వు టెలిగ్రాం ఇచ్చి ఉండేవాడివి. నా ఉద్యోగం ఖాయం కావలసి ఉంది. అందుకని డిసెంబరులో నీకు చలి గురించి రాశాను.

నేను రాయకపోతే పక్క బల్లవాడు రాసేవాడని కొన్నాళ్లు చెప్పుకున్నాను. నిజమే, రాసేవాడు. అయినా రాసింది నేను. కాగితం మీద పెట్టమని మీకు చెప్పిందీ నేనే. చాలా సిగ్గుగా ఉంది బావా. మెస్సులో అన్నం ముందు కూర్చుంటే పేరమ్మవ్వ వేలు గుర్తొస్తోంది.

మీరు దురాయి ఎత్తేసి కాగితం పంపితే రిజిస్ట్రేషను వారంలో తిరిగి వచ్చేలా చేస్తాను. అంతవరకు నా చేతిలో ఉంది. ఆ తరవాత కంపెనీ మళ్లీ ధర దించుతుంది, అది కూడా నాకు తెలుసు. దానికి నా దగ్గర ఉపాయం లేదు. అక్కకు ఏం చెబుతావో నీ ఇష్టం.

చెంగయ్య

జువ్వలదిన్నె,
7 నవంబరు 1965

చెంగయ్యకు,

దురాయి ఎత్తేసినట్టు కాగితం నిన్న మీ ఆఫీసుకు పంపాం. నూట నలభై మూడు వేలిముద్రలు. పేరమ్మవ్వ ఈసారి ఒక్కసారే వేసింది.

మీ అక్కకు నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను, ఒక్క ముక్క వదలకుండా. వల అల్లుతూనే విన్నది. తరవాత, "వాడి ఉజ్జోగం వాడు చేసినాడు. మన పని మనం చేసుకుందాం. వాడు అన్నం తింటుండాడా లేదా, అది రాయలేదే?" అంది. తింటున్నావనే చెప్పాను. నేను అయితే అంత తేలిగ్గా వదలలేను. మూడు వారాలు నీ మీద కోపంతో ఉన్నాను, ఇంకా కొంత మిగిలింది.

ఎత్తెయ్యడం ఎలా జరిగిందో చెబుతాను. గుడి ముందు ఊరంతా చేరింది. ఓబయ్య మామ నిలబడి, "దురాయి ఎత్తేసినాను. ఇన్నారా?" అన్నాడు. "ఇన్నాం" అన్నారు. డప్పు మొదటి వీధి తిరిగింది. రెండో వీధి తిరిగింది. మూడో వీధి మొదట్లో ఓబయ్య మామ చెయ్యెత్తి, డప్పు తోలు వానకు తడిసింది, ఇంక చాలు అన్నాడు. ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ రోజు వాన లేదు.

కంపెనీ ధర మళ్లీ రూపాయి పావలాకు దించింది. ఇకమీద నేను ఉత్తరాలు తక్కువ రాస్తాను. కాగితం అంటే నాకు మొహం మొత్తింది. నువ్వు మాత్రం రాస్తూ ఉండు, మీ అక్క ఎదురుచూస్తుంది.

కామాక్షయ్య

మద్రాసు,
4 ఫిబ్రవరి 1966

శ్రీ కామాక్షయ్య గారికి,
కార్యదర్శి, మత్స్యకారుల సహకార సంఘం, జువ్వలదిన్నె.

అయ్యా,

తమ సంఘం రిజిస్ట్రేషను డిసెంబరు నెలలో పునరుద్ధరించబడిన విషయము తమకు తెలిసినదే. ఇప్పుడు ఎగుమతి కంపెనీవారు మా కార్యాలయమునకు ఒక ఫిర్యాదు పంపియున్నారు. గత పదకొండు వారములుగా తమ గ్రామము నుండి ఒక్క బుట్ట రొయ్యలు కూడా వారి షెడ్డునకు రాలేదనియు, రొయ్యలన్నియు ఇసుకలో ఎండబెట్టుచున్నారనియు, ఇది రహస్యముగా కొనసాగుచున్న దురాయి అనియు వారు ఆరోపించుచున్నారు. ఈ విషయమై తమ వద్ద ఏదైనా తీర్మానము, కాగితము, వేలిముద్రలు గల పత్రము ఉన్నచో వెంటనే పంపవలసినదిగా కోరడమైనది.

చెంగయ్య,
గుమస్తా

బావా, పైది ఆఫీసరు చెప్పింది చెప్పినట్టు రాశాను. సొంత ఊరు గనక విచారించి నివేదిక ఇచ్చే పని నాకే అప్పగించారు. నేను రాసిందే చివరి మాట అవుతుంది. మీరు కంపెనీకి ఎందుకు పొయ్యడం లేదో నేను అడగడం లేదు. కాగితం ఉందా అని మాత్రమే అడుగుతున్నాను. ఉంటే సంఘం మళ్లీ పోతుంది, ఈసారి తిరిగి రాదు. జవాబు ఎలా ఇవ్వాలో నీకే తెలియాలి.

మద్రాసు,
19 మార్చి 1966

బావా,

పార్సిలు అందింది. గోనె మూట, లోపల నాలుగు కిలోల ఎండు రొయ్యలు. ఉత్తరం ఉందేమోనని మూటంతా బోర్లించి వెతికాను. లేదు. అడుగున ఇసక కూడా లేదు, అక్క జల్లించి పంపినట్టుంది. మూట కుట్టిన దారం కొత్త నైలాన్ దారం. నూలు మీకు అందుతోందన్నమాట, సంతోషం.

జవాబు రాలేదని ఆఫీసరు గారు రెండుసార్లు అడిగారు. వచ్చిందని చెప్పాను. మూట చూపించలేదు.

నా నివేదిక ఇచ్చేశాను. 'గ్రామంలో విచారించితిని. రొయ్యలు ఎవరికి వారే ఎండబెట్టుకొనుచున్నారు. ఎండబెట్టమని ఎవరైనా ఎవరికైనా చెప్పినట్టు కాగితము ఏదియు లేదు. సాక్ష్యము చెప్పువారు లేరు. మరికొంత సమాచారము కావలెను.' ఆఫీసరు గారు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఈ మాటలు ఎక్కడో చదివినట్టుందే" అన్నారు. "కంపెనీ ఫైలు మీద తమరు రాసినవే సార్" అన్నాను. నా ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన సంతకం చేసి ఫైలు నా చేతికిచ్చారు. రెండు ఫైళ్లనూ కలిపి బీరువాలో ఒకే అరలో పెట్టాను.

నాలుగు రోజుల తరవాత కంపెనీ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. జువ్వలదిన్నె నుంచి సరుకు మళ్లీ వస్తోందట, తమ ఫిర్యాదు వదులుకుంటున్నారట. ఏ ధరకు వస్తోందో అందులో రాయలేదు. నాకు రాయనక్కర్లేదు, దురాయి నాటి ధర నాకు గుర్తుంది. ఐసు ఫ్యాక్టరీ మంజూరు మళ్లీ మొదటి బల్ల దగ్గర మొదలైంది. దాని వెనక నేను తిరుగుతాను, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేను. పెంచలయ్య ఫ్యాక్టరీ తాళం మాత్రం అలాగే ఉంది.

నా మీద మిగిలిన కోపం ఇంకా ఉందేమో తెలియదు. నువ్వు రాస్తే తప్ప తెలియదు, నువ్వు రాయవు. ఏప్రిల్లో పోలేరమ్మ కొలుపుకు వస్తాను. రావొద్దంటే కార్డు ముక్క రాయి. రాయకపోతే రమ్మన్నట్టే అనుకుంటాను.

నీ ఉత్తరాలన్నీ ఒక కట్ట కట్టి పెట్టెలో దాచుకున్నాను. డప్పు సంగతి రాసిన నవంబరు ఉత్తరం ఒక్కటే ఆ కట్టలో లేదు. మొన్న ఆదివారం గదిలో పొయ్యి అంటుకోక ఇబ్బంది పెడితే దాన్ని వెలిగించి పెట్టాను. అక్క పంపిన రొయ్యలు ఆ మంట మీదే వేయించుకున్నాను. అన్నం తిన్నానని అక్కకు చెప్పు.

చెంగయ్య